‘పచ్చ’ తరువాత చెరిగిన అక్షరాలు

మా ఆయనకు ఎడమ చెయ్యి, ఎడమ కాలు పట్టు తప్పి ఇది నాలుగో నెల. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి ఇప్పుడు హాల్లో కుర్చీలో కూర్చుని పొద్దున వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి కోసం ఎదురు చూస్తుంటాడు. ఆ అమ్మాయి పట్టుకుని నడిపిస్తే మొన్న పద్నాలుగు అడుగులు వేశాడు, నిన్న పదహారు. డాక్టరు మంచి మాటే చెప్పాడు. ఇక మిగిలిందల్లా చూడవచ్చే వాళ్ళను తట్టుకోవడం. తిరుపతిలో ఇల్లుంటే చుట్టాలకు కొదవ ఉండదు. కొండకు వచ్చినవాళ్ళంతా దిగి మా ఇంటికి వస్తారు, ఒక చేత్తో ప్రసాదం, నోటినిండా వైద్యం. ఒకాయన పావురం రక్తం పూయమన్నాడు. ఇంకొకామె నువ్వులనూనెలో ఏవో వేర్లు కాచి పంపింది, ఆ వాసనకు మా ఇంటికి పిల్లులు రావడం మానేశాయి. మా ఆయనతో పనిచేసిన మాస్టారొకాయన పుత్తూరు తీసుకెళ్ళి కట్టు కట్టించమని పట్టుబట్టాడు. విరిగింది ఎముక కాదు కదండీ అంటే, “అయినా ఒకసారి కట్టించి చూస్తే పోయేదేముందమ్మా” అన్నాడు. ఇక ఫోను సంగతి చెప్పనే అక్కర్లేదు. తెల్లవారి పాలు పొయ్యి మీద పెట్టేలోగా పదకొండు వీడియోలు.

మొదట్లో నేను వాదించాను. తరువాత “అట్లాగేనండీ” అనడం నేర్చుకున్నాను. మా ఆయన నాకంటే తెలివైనవాడు. గేటు చప్పుడు కాగానే కళ్ళు మూసుకుని నిద్ర నటిస్తాడు. వచ్చినవాళ్ళు ఆయన ఎదురుగానే “బతికి బట్టకట్టడమే గొప్ప” లాంటివి మాట్లాడి, నాకు నాలుగు చెప్పి, కాఫీ తాగి వెళ్ళిపోతారు. వాళ్ళు వీధి మలుపు తిరిగాక ఆయన ఒక కన్ను తెరిచి చూస్తాడు.

ఇట్లా ఉండగా పోయిన శుక్రవారం మునెమ్మత్త మనవడు ఫోన్ చేశాడు. “అవ్వ ఆదివారం ఆడికి వస్తానంటా ఉండాది. వద్దంటే ఇనల్యా” అన్నాడు. మునెమ్మత్త మా నాయనకు ఒక్కగానొక్క చెల్లెలు. ఎనభై దాటింది. ఆమె వస్తోందంటే నాకు భయం వేసింది. సలహాలు చెబుతుందని కాదు. మా చుట్టాలందరిలోనూ ఎవరి ఇంట జబ్బున్నా ఒక్క మాట చెప్పని మనిషి ఆమె ఒక్కతే. వస్తుంది, ఓ మూల కూర్చుంటుంది, అంట్లు తోముతుంది, ఉన్నన్నాళ్ళు ఉండి వెళ్ళిపోతుంది. “మునెమ్మంత మంచిది లేదబ్బా, నోరు మెదపదు” అని అందరూ మెచ్చుకుంటారు. ఆ నోరు ఎందుకు మూతపడిందో నాకు తెలుసు. మూయించింది నేను. ఈ సంగతి అప్పటిదాకా నేను ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా.

మా ఊరు పుత్తూరుకు ఐదారు మైళ్ళు. నాలుగెకరాల మామిడితోట, రెండు బర్రెలు, మట్టిగోడల ఇల్లు. ఆ ఇంటికి ఒక్కో నెలకు ఒక్కో వాసన ఉండేది. ఎండాకాలం వస్తే నడిమింట్లో వరిగడ్డి పరిచి బేనీషా మామిడికాయలు మాగేసేవాళ్ళు. గడ్డి వెచ్చదనం, అందులోంచి నెమ్మదిగా లేచే పండు తీపి, మూలన కుండలో సంగటి, అవ్వ నమిలే ఆకు వక్క, ఇవన్నీ కలిసి ఆ ఇంట్లో గాలి అయ్యేవి. మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, శుక్రవారం పొద్దున్నే లేచి గడపకు పసుపు పూసేది. నాయన మాటలు తక్కువ మనిషి. తోట నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, అమ్మ ఎక్కడుందో ఒకసారి చూసుకుని, అప్పుడు కూర్చునేవాడు. నాకు పదేళ్ళు. ఇంట్లో తడుముకోకుండా చదవగలిగింది నేను ఒక్కదాన్నే. నాయన కూడబలుక్కుని చదివేవాడు. అందుకని ఉత్తరం ఏది వచ్చినా నన్ను పిలిచి మధ్యలో నిలబెట్టేవాళ్ళు. నేను గొంతు సవరించుకుని, బడిలో మా అయ్యవారి లాగా, ఎక్కడా ఆగకుండా చదివేదాన్ని. ఆగకుండా చదవడమే చదువని నా నమ్మకం. అది ఎంత పొగరో ఇప్పుడు తెలుస్తోంది.

ఆ ఎండాకాలం అమ్మకు పచ్చకామెర్లు వచ్చాయి. కళ్ళు, గోళ్ళు, అరచేతులు అన్నీ రంగు మారిపోయాయి. నాయన పుత్తూరు తీసుకెళ్ళాడు. డాక్టరు మాత్రలిచ్చి, నీళ్ళు కాచి తాగించమని, నూనె తగ్గించి మెత్తటి అన్నం, పండ్లు పెట్టమని, మంచం దిగనివ్వొద్దని చెప్పి పంపాడు. అంతే. ఆ ‘అంతే’ దగ్గరే చిక్కు వచ్చింది. ఇంత పెద్ద జబ్బుకు ఇంత చిన్న మందు ఏమిటని అవ్వకు మనసొప్పలేదు. చూడవచ్చిన ఆడవాళ్ళకూ ఒప్పలేదు. సరిగ్గా అప్పుడు మునెమ్మత్త దగ్గర నుంచి కార్డు వచ్చింది.

మునెమ్మత్త అప్పటికి పాతికేళ్ళ పిల్ల. శ్రీకాళహస్తి పక్క పల్లెలో కాపురం. అప్పుడామె మాటల పుట్ట. ఎవరికి తలనొప్పి అన్నా ఆమె దగ్గర మందుంది, ఏ పసిబిడ్డ ఏడ్చినా ఎందుకు ఏడుస్తోందో ఆమెకు తెలుసు. పైగా అంతకు ముందేడే ఆమె భర్త, మా మామకు ఇదే కామెర్లు వచ్చి తగ్గిపోయాయి. కాబట్టి మా ఇంట్లో పుత్తూరు డాక్టరు మాట ఒక ఎత్తు, మునెమ్మ మాట ఒక ఎత్తు. ఆమెకు చదువు రాదు. వాళ్ళ ఊరి బడి అయ్యవారితో రాయించి పంపింది. టపా ఆయన వచ్చేసరికి నేను తొట్టి దగ్గర చెంబులు కడుగుతున్నాను. తడి చేత్తోనే కార్డు అందుకుని పరుగెత్తాను.

నడవలో అవ్వ, నాయన, పక్కింటి రెడ్డెమ్మ కూర్చుని ఉన్నారు. నేను చదవడం మొదలుపెట్టాను. క్షేమం, మీ క్షేమం, వదినకు జబ్బని విని అన్నం సయించలేదు, వదినకు పచ్చ. అక్కడ నా బొటనవేలి తడికి సిరా అలికిపోయి ఉంది. ‘పచ్చ’ తరువాత ఏదో ఉంది, కనబడదు. ఆ తరువాత ‘పెట్టవద్దు’ అని మళ్ళీ స్పష్టంగా ఉంది. నేను ఆగితే కదా. “వదినకు పచ్చవి పెట్టవద్దు” అని గడగడా చదివేసి కింది వాక్యానికి వెళ్ళిపోయాను.

“పచ్చవంటే ఏందే పాపా?” అంది అవ్వ.

“పచ్చగా ఉండేవి. పసుపు పచ్చవి” అన్నాను నేను, అన్నీ తెలిసినదాని లాగా.

“నిజమే గదత్తా, ఒళ్ళంతా పచ్చబడింటే పచ్చవి పెట్టి ఇంకా పెంచుతామా?” అంది రెడ్డెమ్మ.

ఆ పూటే వంటింట్లో పసుపు డబ్బా అటకెక్కింది. కందిపప్పు మానేశారు. నెయ్యి, నిమ్మకాయ, అరటిపండు అన్నీ పచ్చవే. మరుసటిరోజు ఎవరో వచ్చి ఆకుపచ్చ కూడా పచ్చే కదా అన్నారు, దాంతో చిర్రాకు, తోటకూర, బీరకాయ పోయాయి. ఇంకొకామె పచ్చవంటే పచ్చివి, పొయ్యి మీద ఉడకనివి ఏవీ పనికిరావంది. మజ్జిగ కూడా పోయింది, మీగడ పచ్చగా కడుతుందని పాలూ పోయాయి. అమ్మ పెట్టెలోంచి పసుపురంగు చీరలు తీసి రెడ్డెమ్మ ఇంట్లో పెట్టించారు. శుక్రవారం గడపకు పసుపు లేదు. మిగిలింది తెల్లన్నం గంజి. ఉప్పు తెల్లగా ఉంది కాబట్టి బతికిపోయింది. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది గానీ, ఆ రోజుల్లో ఎవరూ నవ్వలేదు. వచ్చిన ప్రతివాళ్ళూ అమ్మ మంచి కోసమే ఒక్కో వస్తువు తీసేశారు. నిజం చెప్పాలంటే వాళ్ళు ఊరికే చెప్పి వెళ్ళినవాళ్ళు కూడా కాదు. రెడ్డెమ్మ రోజూ రెండు బిందెల నీళ్ళు కాచి ఇచ్చేది. ఇంకొకామె మా బర్రెల పాలు పితికేది. ఇప్పుడు నా ఫోనులోకి వచ్చే వైద్యానికి చేతుల్లేవు, అప్పటి వైద్యానికి ఉండేవి. అందుకే అప్పుడు కాదనడం ఇంకా కష్టం.

అమ్మకు కాపలా నేనే. కార్డు చదివినదాన్ని కదా. ఎవరైనా మరిచి గంజిలో మజ్జిగ పోయబోతే పట్టేసేదాన్ని. ఒక మధ్యాహ్నం అందరూ తోటకు పోయారు. అమ్మ మంచం పక్కనే నడిమిల్లు. కాయలు బాగా మాగి, ఇల్లంతా తీపి వాసన. అమ్మ చాలాసేపు అటే చూసి, “పాపా, ఒక్క ముక్క కోసుకోని రామ్మే. నాలిక్కి కొంచెం రాసుకుంటా, మింగనులే” అంది.

“కార్డులో వద్దని రాసినారు కదమ్మా” అన్నాను.

అమ్మ బతిమాలలేదు. “అవునులే, మర్సిపోయినా” అని గోడవైపు తిరిగి పడుకుంది. నేను మంచి పని చేశానని గర్వంగా విసనకర్ర తీసుకుని విసిరాను. నా జీవితంలో నేను చేసిన పనుల్లో వెనక్కి తీసుకోగలిగితే మొట్టమొదట తీసుకునేది ఇదే.

పదకొండో రోజున రెడ్డెమ్మ అమ్మ మెడ వంక చూసి కొత్త సంగతి కనిపెట్టింది. “అత్తా, మనం ఇన్ని తీసేస్తిమి గానీ, ఆ తాళికుండే పసుపుతాడు సూడు. పొద్దుమాపూ గొంతుకే రాసుకుంటా ఉండాది. రోగం ఎట్ల దిగతాది? కొన్నాళ్ళు దాన్ని తీసి నల్లపూసల్లో ఏసుకుంటే?”

అవ్వ నోట్లో ఆకు వక్క అట్లాగే ఆగిపోయింది. అప్పటిదాకా ఎవరేం చెప్పినా తల ఊపిన అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. నవ్వింది. అన్ని రోజుల తరువాత అదే మొదటిసారి.

“ఈ ఇంట్లో అందరికన్నా పచ్చగా ఉండేది నేనే గదా రెడ్డెమ్మక్కా. నన్ను యాడ దాచిపెడతారో అదీ సెప్పండి” అంది.

నవ్వుతూనే మంచం దిగబోయి, కాళ్ళు ఆనక అక్కడే కూలబడింది.

నాయన తోట నుంచి పరుగున వచ్చాడు. అమ్మను ఎత్తుకుని బండిలో పడుకోబెట్టాడు. నేనూ ఎక్కి కూర్చున్నాను. నాయన బండిని ఎక్కడా ఆపకుండా పుత్తూరుకు తోలాడు. డాక్టరు అమ్మ కళ్ళు చూశాడు, పొట్ట నొక్కి చూశాడు, ఏం తింటోందని అడిగాడు. నాయన చెప్పాడు. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, “కామెర్లు దిగిపోతున్నాయయ్యా. ఈమెకు ఇప్పుడున్న జబ్బు ఆకలి” అన్నాడు. నాయన అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. మా నాయన కన్నీళ్ళు నేను చూసింది అదొక్కసారే.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే నాయన కాళ్ళు కూడా కడుక్కోకుండా నడిమింట్లోకి పోయి, గడ్డి తీసి, అన్నిటికన్నా బాగా మాగిన పండు వెతికి తెచ్చాడు. తొక్క తీసి, ముక్కలు చేసి, తనే అమ్మ నోటికి అందించాడు. అవ్వ అటక మీది పసుపు డబ్బా దింపి గడపంతా పూసింది. “పచ్చగా ఉండమని దీవించే నోటితోనే పచ్చది తినబాకంటిమి గదే తల్లీ” అని అమ్మ తల నిమిరింది. రెడ్డెమ్మ చీరలన్నీ మడతలు నలగకుండా తెచ్చి ఇచ్చింది. అమ్మ నెల తిరగకుండా లేచి తిరిగింది. ఆ తరువాత ఎనభై ఏళ్ళు వచ్చేదాకా బతికింది.

కానీ ఇంట్లో ఇంత జరిగాక ఎవరో ఒకరి మీద తప్పు పడాలి కదా. ఆ ఆదివారం మునెమ్మత్త వచ్చింది. ఒక సంచిలో దానిమ్మకాయలు, ఒక సంచిలో సగ్గుబియ్యం. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చి ముఖం ఎర్రబడిపోయింది. గడప లోపలికి కాలు పెట్టకముందే నాయన ఎదురొచ్చాడు.

“నువ్వు పంపిన మాటకు నా పెండ్లాం సచ్చేంత పనయింది. ఇంగ ఈ జన్మలో ఎవురికీ ఏమీ సెప్పబాక” అన్నాడు.

అత్తకు ముందు అర్థం కాలేదు. అవ్వ అంతా వివరించింది. “పచ్చవా? నేనెప్పుడన్నా? నేను సెప్పింది పచ్చళ్ళన్నా! ఊరగాయలు, కారాలు పెట్టబాకండని రాయించినా. మా ఇంటాయనకు డాక్టరు సెప్పింది అదే” అంది అత్త ఏడుపు గొంతుతో.

నాయన కార్డు తీసి నా చేతికిచ్చాడు. “సదువు పాపా. ఏమి రాసిందో మళ్ళీ సదువు.”

నేను కార్డు చూశాను. అలికిపోయిన చోట, ఇప్పుడు తెలిసి చూస్తే, కిందికి దిగిన ఒత్తు తోక కొంచెం కనబడింది. నా వేలిముద్ర కూడా కనబడింది. అందరూ నావైపే చూస్తున్నారు. నిజం చెబితే అమ్మకు గంజి పోసింది నేనే అవుతాను, మామిడి ముక్క ఇవ్వనిది నేనే అవుతాను. కార్డును ఎవరికీ కనబడకుండా గుండెకు ఆనించుకుని, “పచ్చవి అనే ఉంది నాయనా” అన్నాను.

మొదటిసారి చదివింది పొరపాటు. రెండోసారి చదివింది అబద్ధం.

“అయ్యవారు తప్పు రాసినాడో, నేనే తప్పు సెప్పినానో” అని అత్త సంచులు అక్కడ పెట్టి, అమ్మ దగ్గరకు పోయి కాళ్ళు పట్టుకుంది. అమ్మ ఆమెను లేపి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ రోజు తరువాత మునెమ్మత్త నోటి నుంచి ఇది తిను, అది మాను అన్న మాట ఎవరూ వినలేదు. నా కాన్పుకు వచ్చింది, మాట్లాడకుండా బిడ్డకు నీళ్ళు పోసింది. పత్యం పట్టడాన్ని మావైపు నోరు కట్టుకోవడం అంటారు. అమ్మ నోరు కట్టుకున్నది పదకొండు రోజులు. అత్త నోరు కట్టుకుని యాభై ఏళ్ళు దాటింది. చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. పెళ్ళిళ్ళలో చెప్పేది కాదు, చావుల్లో చెప్పేది కాదు. అమ్మ బాగానే ఉంది కదా, ఇప్పుడెందుకులే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

మొన్న ఆదివారం పదిగంటలకు ఆటో దిగింది. గేటు చప్పుడుకు మా ఆయన అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు. అత్త చెప్పులు బయట విడిచి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. కుర్చీ వేస్తే వద్దంది. ఆయన ఎడమచేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని నెమ్మదిగా ఒత్తుతూ ఉండిపోయింది. ఒక్క మాట లేదు. పది నిమిషాలకు మా ఆయన తనంతట తానే కళ్ళు తెరిచాడు. నాలుగు నెలలుగా ఎవరెన్ని చెప్పినా తట్టుకున్నాను. ఆ మౌనం తట్టుకోలేకపోయాను.

“అత్తా” అన్నాను. “అప్పుడు అమ్మకు కామెర్లొచ్చినప్పుడు నువ్వు పంపిన కార్డు నా తడి చేతికే అలికిపోయింది. పచ్చ అని మాత్రమే కనబడింది. ‘వి’ నేను పెట్టిందే. నాయన రెండోసారి చదవమన్నప్పుడు తెలిసే అబద్ధం చెప్పాను.”

అత్త చెయ్యి ఒత్తడం ఆపింది. నావైపు తిరిగింది.

“అంటే, అయ్యవారు సరిగ్గానే రాసినాడా?”

“సరిగ్గానే రాశాడత్తా.”

“ఆయన పొయ్యేదాకా ఆయన్ని పలకరించల్యా పాపా. ఎదురొస్తే పక్క సందులో పోతా ఉంటి.” మా ఆయన చేతిని ఆయన ఒళ్ళో పెట్టింది. “మీ నాయన కడాన మంచాన పడినప్పుడు, అన్న కూట్లో ఉప్పు అట్ల ఏసుకుంటా ఉంటే, వద్దన్నా, తగ్గించన్నా అని నాలిక కొసదాకా వచ్చింది. నా నోరు మంచిది కాదులే అని మింగుకుంటి. నా అన్నకే సెప్పుకోలేకపోతి గదే.”

ఆమె పక్కన నేల మీద కూర్చుని, చిన్నపిల్లప్పుడు ఏడవాల్సిన ఏడుపు అప్పుడు ఏడ్చాను. క్షమించమని అడిగానో లేదో కూడా గుర్తులేదు. అత్త నన్ను ఊరుకోబెట్టలేదు. తిట్టనూ లేదు. కొంగుతో ముక్కు తుడుచుకుని, వంటింట్లోకి పోయి తనే నీళ్ళు ముంచుకుని తాగి వచ్చింది. వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, మా ఆయననూ ఆయన కుర్చీనీ ఎదురుగా ఉన్న గోడనూ మార్చి మార్చి చూసింది.

“ఏందిమే ఇది?” అంది. ఆ గొంతు నేను పదేళ్ళప్పుడు విన్న గొంతు. “గోడకెదురుగా ఏసి కూర్చోబెట్టినావు? గోడను సూస్తా కూర్చుంటే ఎవురికి కాళ్ళొస్తాయి? ఆ కిటికీ కాడికి తిప్పు. నడిసిపొయ్యే మనుషులు కనపడాల అల్లుడికి, అప్పుడు గదా తానూ నడవాలని పుట్టేది.”

మా ఆయన వంకరపోయిన మూతితో గట్టిగా నవ్వాడు. నేను లేచి కుర్చీని కిటికీ వైపు తిప్పాను. వీధిలో ఒకామె పూలబుట్టతో వెళ్తోంది, ఆయన మెడ తిప్పి ఆమె కనుమరుగయ్యేదాకా చూశాడు.

అత్త నా వంక అనుమానంగా చూసింది, ఎక్కువ మాట్లాడానేమో అన్నట్టు.

“ఇంకా చెప్పత్తా” అన్నాను.